పారబోసిన ఎర్రసీసా

మావారు అనంతరామ్ గారిని స్లైగోలో తెలుగువాళ్లంతా 'మడి అంకుల్' అంటారు. చాటుగా అంటున్నామనుకుంటారు గాని, ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అలాగని ఆయనేమీ పట్టుబట్ట కట్టుకుని వంట చేసే రకం కాదు. పూజలంటే అంతంతమాత్రమే. ఆయన మడి వేరు. దుకాణం నుంచి తెచ్చిన పాలసీసాని తుడవనిదే ఫ్రిజ్‌లో పెట్టనివ్వరు. వంటింటి అల్మారాలో పప్పుల డబ్బాలు కొన్న తేదీ వరసలో ఉండాలి, పాతది ముందు, కొత్తది వెనక. ఆ అల్మారాని ఇక్కడి ఐరిష్‌వాళ్లలాగే మా అమ్మాయి ప్రెస్ అంటుంది. ఎవరైనా పచ్చడి చెంచా పెరుగులో పెడితే ఆ పూట ఆయన పెరుగు ముట్టరు. పెళ్లయిన కొత్తలో నేను దీన్ని జబ్బనుకున్నాను. కాదు, ఉద్యోగం.

మాది తెనాలి. ఆయన కెమిస్ట్రీ చదివి జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో చేరారు. ఆ విభాగంలో మాత్ర బాగుందా లేదా అన్నది రెండో ప్రశ్న. చెప్పిన పద్ధతిలో చేశారా లేదా అన్నది మొదటి ప్రశ్న. పద్ధతి తప్పి చేసిన మాత్ర ఎంత బాగున్నా సరే, అది చెత్తలోకే పోతుంది. అందులో తప్పు లేదని నర్సుగా నేనూ ఒప్పుకుంటాను, ఎందుకంటే ఆ మాత్రలు మింగించేది మేమే. కాకపోతే ఆ అలవాటు ఆయన ఒంట్లోకి ఎంతగా దిగిందంటే, మా పెళ్లిలో తలంబ్రాల బియ్యం కూడా ఏరి ఉంటారా అని నాకు అనుమానం.

డబ్లిన్‌లో మందుల ఫ్యాక్టరీలో పని దొరికి వచ్చాం. ఆ ఊరి శివారు లూకన్‌లో ఇల్లు, అమ్మాయి హాసిని చదువు, నా ఆస్పత్రి డ్యూటీలు, అన్నీ అక్కడే గడిచాయి. హాసిని ఉద్యోగంలో చేరి డబ్లిన్‌లోనే సిటీవెస్ట్‌లో అపార్టుమెంటు తీసుకున్నాక నాకు స్లైగో ఆస్పత్రిలో పెద్ద పోస్టు వచ్చింది. "నువ్వెళ్లు, నేను వారం వారం వస్తా" అన్నారు మావారు. నేను ఒప్పుకోలేదు. ఈ వయసులో చెరో ఊళ్లో కాపురమేమిటని గట్టిగానే అరిచాను. ఆయన రాజీనామా ఇచ్చి నాతో వచ్చేశారు. అందుకు ఆయన మీద నాకున్న ప్రేమని ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ముందు ముందు తిట్టబోతున్నాను.

స్లైగోకి కాస్త దూరంలో ఒక పాల ఫ్యాక్టరీ ఉంది. పేరు అనవసరం. అక్కడ చీజూ వెన్నా తీశాక గొట్టాలూ తొట్లూ కడిగిన నీళ్లు బోలెడు మిగులుతాయి. ఏట్లో వదిలితే చేపలు చచ్చిపోతాయి. అందుకని పక్క షెడ్డులో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఆ కడుగునీళ్లని మూసిన తొట్టిలో పులియబెడితే పాలల్లోని చక్కెర, కొవ్వు విరిగి చిన్న చిన్న ఆమ్లాలుగా మారతాయి. ఆ పులిసిన నీళ్లని గాజు తొట్లలో పోసి, ఒక రకం బ్యాక్టీరియాని వదిలి, దీపాలు వెలిగిస్తారు. ఇక్కడ ఎండ సంగతి తెలిసిందే కదా, అందుకని పాతకాలపు ఫిలమెంటు బల్బులు బారులు తీరి ఉంటాయి. బ్యాక్టీరియా ఆ వెలుతుర్లో ఆమ్లాలు తిని పెరుగుతుంది, నీళ్లు శుభ్రపడతాయి. పెరిగినదాన్ని ఎండబెడితే చేపల మేత అవుతుంది. మావారు అందులో చేరారు.

"అయితే మొక్కలన్నమాట" అన్నాను మొదటిసారి విన్నప్పుడు.

"మొక్కలు కాదే కనకా. మొక్క గాల్లో కార్బన్ డయాక్సైడ్ తీసుకుని తిండి తనే వండుకుంటది. వీటికి వండిన తిండి పెట్టాలి. వెలుతురు పొయ్యిలో మంట లాంటిది. ఆ మంట ఊరికే వస్తంది గదా, ఇక తిన్నదంతా ఒళ్లు చెయ్యడానికే. ఎట్టా ఉంటాయనుకున్నావ్? బాగా పెరిగితే సీసా మొత్తం బీట్‌రూట్ రసంలా ఉంటది."

అంత సంబరంగా ఆయన మాట్లాడటం నేను విని చాలా కాలమైంది. మాత్రల గురించి ఎప్పుడూ అలా చెప్పలేదు.

షెడ్డులో పనిచేసే ఇంకో మనిషి ఎడ్వర్డ్. అరవై దాటిన పాడిరైతు. మోకాలు అరిగిపోయి ఆవుల్ని అమ్మేసి, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఇందులో చేరారు. తొట్లు కడగడం, సీసాలు నింపడం, బల్బులు మార్చడం ఆయన పని. మేం స్లైగో వచ్చిన కొత్తలో అద్దె ఇల్లు వెతికిపెట్టింది ఎడ్వర్డే. లీజు కాగితం మీద సంతకం పెట్టే ముందు గోడలకి చెమ్మ ఉందేమోనని చేత్తో తడిమి చూసింది కూడా ఆయనే. మనిషి కలుపుగోలు, నోరు ఊరుకోదు. కలిసిన ప్రతిసారీ చెప్పే మాట ఒకటుంది. వాళ్ల నాన్న కాలం నుంచీ ఆ ఫ్యాక్టరీకే పాలు పోశారట, బాగాలేవని ఒక్క క్యాను కూడా వెనక్కి రాలేదట. ఊళ్లో కొందరి క్యాన్లు వచ్చాయట, వాళ్ల పేర్లు కూడా చెబుతారు.

మావారికీ ఎడ్వర్డ్‌కీ మొదటిరోజు నుంచే పొసగలేదు. ఎడ్వర్డ్ కోటు జేబులో సాండ్‌విచ్ ఉంటుంది. ఆయన వ్యానులో కుక్క ఉంటుంది. చేతితొడుగులు వేసుకోమంటే వేసుకుని, అవే తొడుగులతో కుక్కని నిమిరి వస్తారు. మావారికి ఇంటికి వచ్చాక కూడా కంపరం తగ్గేది కాదు. పెద్ద తొట్టికి ముందు పరీక్షగా పెంచే సీసాల్లో తిండిని పలచన చెయ్యడానికి, మావారు చేరకముందు ఆ ఆవరణలోని బావినీళ్లు వాడేవారు. సున్నపురాతి నేల కాబట్టి అవి కెటిల్లో తెల్లగా పెచ్చు కట్టే నీళ్లు. మావారు శుద్ధిచేసిన నీళ్ల యంత్రం పెట్టించారు. ఆక్సిజన్ తగిలితే బ్యాక్టీరియా రంగు పోయి పాలిపోతుందని, సీసా సీసాకీ అడుగునుంచి నైట్రోజన్ బుడగలు పంపి లోపలున్న గాలిని ఆసాంతం తరిమేసే పద్ధతి తెచ్చారు. అన్నీ రాసి గోడకి అంటించారు.

అది బ్రహ్మాండంగా పనిచేసింది. వేసవంతా సీసాలు ఎర్రగా, ఏ కల్తీ లేకుండా, ఒకదానికొకటి కవల పిల్లల్లా పెరిగాయి. మేనేజరు ఓర్లా వయసులో మా హాసిని కన్నా కాస్త పెద్దది, అంతే. ఆమె మావారిని అందరి ముందూ మెచ్చుకుంది. ఆ వారమంతా మా ఇంట్లో పచ్చడి చెంచాల మీద పెత్తనం కూడా కాస్త తగ్గింది.

ఆకులు రాలే రోజుల్లో ఫ్యాక్టరీవాళ్లు చీజు తగ్గించి వెన్న తయారీ పెంచారు. కడుగునీళ్లలో కొవ్వు పెరిగింది, దానితో పులిసిన నీళ్లు మారిపోయాయి. అంతకుముందు అందులో ఎక్కువగా ఉండేది మనం వంటింట్లో వాడే వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం. ఇప్పుడు బ్యుటిరిక్ ఆమ్లం ఎక్కువైంది. దాన్ని గుర్తుపట్టడానికి పరీక్షలక్కర్లేదు. అడుగున పడి మరిచిపోయిన పాత నెయ్యి కంపు. మడి అంకుల్ ఆ కంపుతో ఇంటికొస్తే నేను గుమ్మం బయటే బట్టలు విప్పించి, దేవుడున్నాడని నవ్వుకున్నాను.

నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. సీసాల్లో ఎరుపు రావడం మానేసింది. తిండి ఉంది, దీపాలున్నాయి, లోపల ఆక్సిజన్ లేదు. అయినా నీళ్లు పోసినవి పోసినట్టే తేటగా ఉండిపోయాయి. మావారు ఉప్పులు మార్చారు, బల్బులు దగ్గరికి జరిపారు, సీసాల్ని రెండేసిసార్లు మరగబెట్టించారు. ఏదీ కుదరక ఇంకా శుభ్రం పెంచారు. నైట్రోజన్ ఇంకాస్త ఎక్కువసేపు పంపమన్నారు. క్రిస్మస్ లోపల ఫలితం చూపకపోతే షెడ్డు మూసేస్తామని పైవాళ్లు ఓర్లాకి చెప్పారు. అన్నం ముందు కూర్చుని మావారు గోడకేసి చూసేవారు.

ఆ మధ్య ఒక శుక్రవారం మేం హాసిని దగ్గరికి సిటీవెస్ట్ వెళ్లాం. అదే రోజు షెడ్డులో నైట్రోజన్ సిలిండరు అయిపోయింది, నీళ్ల యంత్రం కూడా మొరాయించింది. నింపాల్సిన సీసా ఒకటి మిగిలిపోయింది. ఎడ్వర్డ్ ఆలోచించి, బావినీళ్లు పట్టుకొచ్చి, బ్యుటిరిక్ కలిపి, విత్తనంగా కాస్త పాత బ్యాక్టీరియా వేసి, గాలి మిగలకుండా మూతిదాకా నింపి బిరడా బిగించేశారు. గోడ మీది పద్ధతిలో ఒక్కటీ అందులో లేదు. మావారికి చెబుదామని ఆ సంగతి సీసా మీద రాసి కూడా పెట్టారు.

మరుసటి వారంలో ఆ సీసా ఎర్రబడింది. చుట్టూ ఉన్నవన్నీ తేటనీళ్లు, మధ్యలో అదొక్కటే బీట్‌రూట్ రసం. ఎడ్వర్డ్ ఆ సీసాని దీపం ముందు ఎత్తి పట్టుకుని, "చూడు అనంటా, పెళ్లికూతురిలా ఎలా సిగ్గుపడుతోందో!" అన్నారట. మావారు ఏ నీళ్లని అడిగారు, ఏ గ్యాసని అడిగారు, తొడుగులున్నాయా అని అడిగారు. ఎడ్వర్డ్ ఉన్నదున్నట్టు చెప్పారు. మావారు ఆ సీసాని అందుకుని, సింకు దగ్గరికి వెళ్లి, బ్లీచ్ కలిపి పారబోశారు.

ఎందుకంటే అది పద్ధతి తప్పిన సీసా. అందులో పెరిగింది మన బ్యాక్టీరియా కాకపోవచ్చు, బావిలోని ఏ అడ్డమైన జీవమైనా కావచ్చు, పెద్ద తొట్టి దరిదాపుల్లోకి అది రాకూడదు. మందుల కంపెనీలో పనిచేసినవాళ్లెవరైనా అదే చేస్తారు, క్షణం ఆలోచించకుండా చేస్తారు. పెరగని సీసాలన్నిటినీ భద్రంగా దాచి, పెరిగిన ఒక్కదాన్నీ పారబోయడం ఆ మడిలో ఉన్నవాళ్లకే సాధ్యం. ఆపైన ఆయన అలవాటు ప్రకారం ఒక నివేదిక రాశారు. వైఫల్యానికి మూలకారణం: శుభ్రత లోపం. బాధ్యత: ఆపరేటరు. ఈ నివేదికల సంగతి నాకు పెళ్లయినప్పటి నుంచీ తెలుసు. కారణం దొరకని ప్రతి తప్పూ చివరికి ఎవరో ఒక ఆపరేటరు నెత్తినే పడుతుంది. పేర్లు రాయరు. అక్కడ ఉన్న ఆపరేటరు మాత్రం ఎడ్వర్డ్ ఒక్కరే.

ఎడ్వర్డ్‌ది ఏ నెలకానెల పొడిగించే ఉద్యోగం. ఆ నెల పొడిగించలేదు.

ఇదంతా నాకు మావారు చెప్పలేదు. సూపర్ మార్కెట్లో ఎడ్వర్డ్ కనిపిస్తే చెయ్యి ఊపాను. చూసి కూడా, తోపుడుబండి తిప్పుకుని బిస్కెట్ల వరసలోకి వెళ్లిపోయారు. అంత నోరున్న మనిషి పలకరించకపోవడమేమిటని నాకు మనసు మనసులో లేదు. ఇంటికొచ్చి అడిగితే అప్పుడు బయటపడింది.

"కంటామినేషన్ అని రాశారా? ఆయన గురించి?" అన్నాను.

"ఆయన గురించి కాదు. ఆపరేటర్ అని రాశా. సిస్టమ్ అట్టాగే ఉంటది కనకా."

"ఆ మనిషి పుట్టినప్పటి నుంచీ మా పాలు ఎప్పుడూ వెనక్కి రాలేదు అని చెప్పుకుని బతుకుతున్నాడండీ. మీరు అదే ఫ్యాక్టరీ గోడల మధ్య ఆయన్ని మైల మనిషిని చేశారు. ఈ ఊళ్లో ఏ మాటైనా దాగుద్దా? రేపు ఆయన చర్చికి ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?"

నాకు ఇంకా కోపం తగ్గలేదు.

"ఇంకొకటి చెప్పండి. మా వార్డులో అందరూ ఒకే మందు మింగి మూలుగుతుంటే, ఒక్కడు మాత్రం పొరపాటున వేరే మందు మింగి లేచి తిరుగుతున్నాడనుకోండి. వాడికి ఏం ఇచ్చారని అడుగుతారా, వాణ్ణి బయటికి గెంటుతారా? పెరిగినదాన్ని ఎందుకు పారబోశారు?"

"నీకు తెలీదు, ఊరుకో" అని విసురుగా లేచి వెళ్లిపోయారు. మా ఇంట్లో ఆ మాట చాలా అరుదు. ఆ రాత్రీ మర్నాడూ మా మధ్య కూర ఇదిగో, ఉప్పు అదిగో తప్ప మాటల్లేవు.

ఆదివారం పొద్దున ఆయనకి కెటిల్ కడిగే పని ఉంటుంది. అడుగున పట్టిన తెల్ల పెచ్చు మీద వెనిగర్ పోసి నానబెడతారు. నేను కూరగాయలు తరుగుతున్నాను. ఎంతసేపటికీ ఆయన కెటిల్ దగ్గరనుంచి కదలకపోతే తలెత్తి చూశాను. కెటిల్లో పెచ్చు మీద వెనిగర్ బుసబుసమని నురగలు కక్కుతోంది. ఆయన దాన్లోకి తొంగిచూస్తూ నిలబడిపోయారు.

"ఏంటండీ?"

"ఈ బుడగలు ఏంటో తెల్సా? కార్బన్ డయాక్సైడ్. రాతినీళ్లలో అది కరిగి దాక్కుని ఉంటది. బావినీళ్లలో కావలసినంత ఉంది. నేను తెప్పించిన నీళ్లలో చుక్క లేదు. ఇక ఎక్కడన్నా కాస్త మిగిలుంటే నైట్రోజన్ పెట్టి అదీ తరిమేశా."

"ఉంటే ఏమైంది, లేకపోతే ఏమైంది?"

ఆయన కూర్చున్నారు. నాకు చెబుతున్నట్టు లేదు, తనకే చెప్పుకుంటున్నట్టుంది.

"వెనిగర్లో ఉండే ఆమ్లమూ, ఆ బ్యాక్టీరియా ఒళ్లూ ఇంచుమించు ఒకటే సరుకు. తిన్నది తిన్నట్టు ఒంటికి పడుద్ది. అందుకే వేసవంతా నా పద్ధతిలో పెరిగింది. బ్యుటిరిక్ అట్టా కాదు, కొవ్వులో పుట్టింది గదా, బాగా బలమైన తిండి. దాన్లో ఎలక్ట్రాన్లు ఎక్కువ. ఒంట్లోకి మలుచుకుంటే కొన్ని మిగిలిపోతాయి. వాటిని ఎక్కడో ఒకచోట దింపాలి. మనమైతే పీల్చిన ఆక్సిజన్‌కి అప్పజెబుతాం. దానికి ఆక్సిజన్ లేదు, నేను ఉండనివ్వలేదు. ఇక దానికున్న దారి ఒక్కటే, కార్బన్ డయాక్సైడ్. మిగిలిన ఎలక్ట్రాన్లని దానికి అంటగట్టి, దాన్ని కూడా తిండిగా మార్చుకుంటది. అదీ లేదనుకో..."

"లేకపోతే?"

"మూట నెత్తినెత్తుకున్నవాడికి దింపే చోటు లేనట్టే. అక్కడే నిలబడిపోవాల. ఎదురుగా తిండి ఉంది, వెలుతురు ఉంది. ముద్ద మింగలేదు." కెటిల్ దగ్గరికి లాక్కుని, "ఇది పాత సంగతే కనకా. చదువుకున్న సంగతే. నేను చూసుకోవాల్సింది. మడి మడి అని చెప్పి, దానికి బతకడానికి కావలసిందే కడిగేశా" అన్నారు.

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. జాలేసింది. కాని జాలి పొందే హక్కు ముందు ఎడ్వర్డ్‌దని కూడా అనిపించింది.

సోమవారం ఆయన వంటింటి అల్మారాలోంచి వంటసోడా డబ్బా పట్టుకుపోయారు. ఫ్యాక్టరీలో వేరే మంచి సరుకు ఉండే ఉంటుంది, ఆగలేకపోయారంతే. బావినీళ్లతో ఒక సీసా, శుద్ధినీళ్లలో సోడా కలిపి ఒకటి, ఉత్త శుద్ధినీళ్లతో ఇంకొకటి పెట్టారు. వారం తిరిగేసరికి మొదటి రెండూ ఎర్రబడ్డాయి. మూడోది తేటగానే ఉంది. ఓర్లా ఎగిరి గంతేసింది. పైవాళ్లు వచ్చి చూసి, షెడ్డు ఇంకో ఏడాది నడపడానికి ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రం ఆయన స్వీటు డబ్బాతో ఇంటికొచ్చారు. హాసినికి ఫోను కలిపి స్పీకరులో పెట్టి అంతా చెప్పారు. పెద్ద తొట్టి కూడా రంగు తిరుగుతోందని, ఓర్లా మళ్లీ మెచ్చుకుందని చెప్పారు. ఎడ్వర్డ్ పేరు ఎక్కడా రాలేదు. ఎంతసేపటికీ రాకపోయేసరికి అడిగేశాను.

"ఆ పాత నివేదిక సంగతేంటి?"

"పద్ధతిలో సోడా చేర్చి కొత్తది అంటిస్తాం. పాతది ఫైల్లో ఉంటది. దాన్ని కెలకొద్దంది ఓర్లా. మనం గెలిచాం గదా, అంతా గ్రాండ్, ఇక ఫరవాలేదు అంది. ఎడ్వర్డ్‌కి ఫోన్ చేసి మళ్లీ రమ్మంటా అంది."

"వచ్చాడా?"

"మోకాలు నొప్పి, రానన్నాడంట."

"మోకాలు నొప్పా?" అన్నాను. "మీరు నమ్మారా?"

హాసినికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే. "డాడ్, దట్స్ నాట్ గ్రాండ్. దట్స్ నాట్ గ్రాండ్ అట్ ఆల్" అని ఫోన్లోంచి అంది. ఐరిష్ యాసలో అది ఇంకా కఠినంగా వినిపించింది.

ఆయన స్వీటు డబ్బా పక్కకి జరిపారు. "ఇన్నేళ్లలో నా పేరు మీద ఒక్క తప్పు లేదు కనకా. జీడిమెట్లలో లేదు, డబ్లిన్‌లో లేదు. అదొక్కటే నాకున్నది. ఇప్పుడు రిటైరయ్యే వేళ..."

"ఎడ్వర్డ్‌కి ఉన్నదీ అదొక్కటే గదండీ" అన్నాను.

మర్నాడు ఆయన ఆ నివేదికని వెనక్కి తీయించారు. ఓర్లా వద్దంటున్నా వినకుండా, బాధ్యత అన్నచోట ఆపరేటర్ కొట్టేసి తన పేరు రాశారట, ఇంటిపేరుతో సహా. నాకు గర్వమేసింది. గర్వమని ఆయనకి చెప్పాను కూడా.

శనివారం మధ్యాహ్నం ఎడ్వర్డ్ ఇంటికి వెళ్లాం. తుంపర పడుతోంది. దారంతా మావారు కారులో ఇంగ్లీషు వాక్యాలు లోలోపల వల్లెవేసుకుంటున్నారు. తలుపు తీసింది ఎడ్వర్డ్ భార్య మౌరీన్. మమ్మల్ని చూసి ఆమె మొహంలో ఏ రంగూ మారలేదు. లోపలికి రమ్మంది, కోటు విప్పమంది, కూర్చోమంది. ఎడ్వర్డ్ వంటింటి బల్ల దగ్గర ఉన్నారు. లేచి, టీ పెడతానని సింకు దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కున్నారు. కెటిల్ పెట్టి మళ్లీ కడుక్కున్నారు. కప్పులు తీసి, వాటిని బల్ల మీద పెట్టే ముందు ఇంకోసారి కడుక్కున్నారు.

నేను నర్సుని. చేతులు చూస్తాను. కణుపుల మీద చర్మం పగిలి ఎర్రగా పుళ్లు పడింది. గోళ్ల పక్కన రక్తం గడ్డకట్టి ఉంది. ఎక్కువ కడిగిన చేతులు అలా ఉంటాయి, మా వార్డులో కొత్తగా చేరిన పిల్లలకి ఉంటాయి. ఈ మనిషివి అంతకంటే అన్యాయంగా ఉన్నాయి.

"ఎడ్వర్డ్, ఆ చేతులకేమైంది?" అన్నాను.

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. జవాబు మౌరీన్ చెప్పింది. "పాలక్యాన్లు తోమే పాత బ్రష్షుతో రుద్దుతాడు. పొద్దున, మధ్యాహ్నం, అన్నం ముందు, అన్నం తర్వాత. జీపీ డాక్టరు దగ్గరికి పద అంటే రాడు. కుక్కని ఇంట్లోకి రానివ్వడు. నా కప్పు కూడా ముట్టుకోడు."

మావారు లేచి నిలబడ్డారు. కారులో వల్లెవేసిన వాక్యం ఒక్కటీ ఆయనకి గుర్తులేదని మొహం చూడగానే తెలిసింది.

"ఎడ్వర్డ్, నీ చేతుల్లో మురికి లేదు" అన్నారు. "ఎప్పుడూ లేదు. నేను రాసింది తప్పు. నీళ్లలో ఉండాల్సినదాన్ని నేనే తీసేశాను. అన్ని సీసాలూ చచ్చింది నా వల్ల. నువ్వు నింపిన సీసా ఒక్కటే సరైనది. దాన్ని కూడా నేనే పారబోశాను. ఆ కాగితం మీద ఇప్పుడు నా పేరుంది. నీ పేరు ఎక్కడా లేదు. నన్ను క్షమించు."

ఎడ్వర్డ్ బల్ల అంచు పట్టుకుని కూర్చున్నారు. "అయితే అది నేను కాదా?" అన్నారు.

"కాదు."

"నేనే అనుకున్నాను" అన్నారు. "నువ్వు చదువుకున్నవాడివి, ఊరికే ఎందుకు రాస్తావు అనుకున్నాను. ఆవులున్నప్పుడు కూడా నేనిలాగే మురికిగా ఉండేవాడినేమో అనుకున్నాను. పాలు పాడైతే, మా నాన్న మొహం చూసి ఎవరూ చెప్పలేదేమోనని. ఆ పాలు తాగి పిల్లలెవరికైనా ఏమైనా అయ్యిందేమోనని. రాత్రిళ్లు ఒక్కొక్క ఏడాదే గుర్తు చేసుకున్నాను."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. ఆయన రానని చెప్పింది అవమానంతో అనుకున్నాం మేమిద్దరం. ఊళ్లో పేరు పోయిందన్న కోపం అనుకున్నాం. ఆ మనిషి అసలు మమ్మల్ని తప్పుపట్టనే లేదు. మేం రాసింది నమ్మి, తన బతుకంతా వెనక్కి తవ్వుకుంటూ కూర్చున్నాడు.

మావారు ఎడ్వర్డ్ పక్కనే కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నారు. వెక్కి వెక్కి ఏడ్చారు. మా పెళ్లయ్యాక ఆయన అలా ఏడవడం నేను చూడలేదు.

మౌరీన్ కేకు తెచ్చి బల్ల మీద పెట్టింది. కోద్దామని ఎడ్వర్డ్ లేచారు. అలవాటుగా సింకు దగ్గరికి వెళ్లి కుళాయి తిప్పారు. నీళ్లు ధారగా పడుతున్నాయి. చేతులు వాటి కింద పెట్టకుండా, ఏం చెయ్యాలో తెలియనట్టు అలాగే నిలబడ్డారు. మౌరీన్ వెళ్లి కుళాయి కట్టేసి, ఆయన చేతిలో కత్తి పెట్టింది.